ఎర్ర గడిల నా భూమి

మధు గారి మీద నాకున్న కోపం ఆయన నా భూమి తీసుకున్నడని కాదు. శంషాబాద్‌ల భూమి పోగొట్టుకున్నోళ్ళు గల్లీకి పదిమంది ఉన్నరు. వాళ్ళ భూమి గుంజుకున్నోడు గుంజుకున్నట్టే గుంజుకున్నడు. కండ్లు ఎర్రజేసిండు, కాగితం చూపెట్టిండు, జేసీబీ తెచ్చిండు. తిట్టుకోనీకె వాళ్ళకు ఒక మొఖమన్నా మిగిలింది. మధు గారు అట్ల కాదు. నాకు ఏసీ హాలుల కుర్చీ వేసిండు. 'గారు' అన్నడు. చాయ్‌ల చక్కెర ఎంత వెయ్యాలని అడిగిండు. శాలువా కప్పిండు, రెండు వందల మందితోని చప్పట్లు కొట్టించిండు. అన్నీ అయినంక తీసుకున్నడు. ఇసుంటి మనిషిని ఏమని తిట్టాలె? మాట దొరకక నేను ఏడాది సంది పరేషాన్ అయితున్న.

నా పేరు జ్ఞానదాసు. ఏడో తరగతిల బడి ఇడిచిపెట్టి, పద్దెనిమిదేండ్లు కాంట్రాక్టర్ కింద రైలు పట్టాల గ్యాంగుల పనిచేసిన. పలుగు పట్టి స్లీపర్ల కింద కంకర కుక్కే పని. నడుము పోయినంక పని పోయింది. మిగిలింది మా బాపు ఇచ్చిన జాగ ఒక్కటే. క్వారీల రాళ్ళు కొట్టి కూడబెట్టి కొన్నడు. శంషాబాద్ దాటినంక పట్టాల కట్టకు ఆనుకొని పదకొండు గుంటలు, గుంటకు నూట ఇరవై ఒక్క గజాలు. పంటకు పనికిరాదు, ఇండ్ల ప్లాట్లకు సరిపోదు. కానీ ఎయిర్‌పోర్టు వచ్చినంక దానికీ ఒక పని దొరికింది.

ఆ పని చెప్పింది నా దోస్తు నిసార్. పదిహేనేండ్ల సంది ఎయిర్‌పోర్టు క్యాబ్ నడుపుతున్నడు.

"దాసన్నా, విమానం ఎక్కి పోయేటోడు కారు లోపల పెడితే కిరాయి మోత మోగుతది. బయట చౌకగ పెట్టుకునే జాగ ఏడుందని రోజుకు నలుగురు నన్నే అడుగుతరు. నీ జాగ చుట్టు కంచె వెయ్, కంకర పొయ్, ఒక రేకుల షెడ్డు వెయ్. గిరాకీ నేను తెస్త. ఇగ మనం చచ్చేదాకా ఎవనికీ సలాం కొట్టే పని లేదు."

మాట మంచిగనే ఉన్నది. అడ్డం ఒక్కటే, వాన. మా జాగకు ఎగువన ఒక కుంట ఉండె. వీరేందర్ అని మా దిక్కు వెంచర్లు వేసేటోడు, దాన్ని మట్టితోని పూడ్చి ప్లాట్లు చేసి అమ్మిండు. అప్పటిసంది కుంటల ఆగాల్సిన నీళ్ళు ఆగక కిందికి దిగుతయి. దిగి నా జాగలకొస్తయి. పట్టాల కట్ట అడ్డం ఉంటది, కట్ట కింద ఉన్నది ఎప్పటిదో సన్నటి మోరి పైపు. అది తాగేది ఎంత? నీళ్ళు నాలుగు రోజులు మోకాల్లోతు నిలబడతయి. మునిగే జాగల కారు ఎవడు పెడతడు? కట్ట కింద పెద్ద కల్వర్టు పడితే తప్ప నా షెడ్డు లేవది. నేను నలుగురు ఆఫీసర్లకు దరఖాస్తు రాసిచ్చిన. నాలుగు దరఖాస్తులకు నాలుగు ముద్రలు పడ్డయి.

గట్ల ఉన్నప్పుడు పాత పట్టాల పక్కపొంటి ఎయిర్‌పోర్టు దిక్కు ఇంకో లైను వేస్తమని సర్వే రాళ్ళు పాతిండ్రు. లైను వేసే కంపెనీ ఒకటి. దానికి డిజైన్ గీసే కంపెనీ ఒకటి. ఆ డిజైన్‌ల ఏమేం ప్రమాదాలు ఉన్నయో లెక్కపెట్టి కాగితం మీద పెట్టే కంపెనీ ఇంకొకటి. ఆ మూడో దాని పేరు 'నిశ్చింత'. దాని తరఫున వచ్చిన మనిషే మధు గారు. గోదావరి దిక్కు మనిషి, మాట మెత్తగ ఉంటది. అత్తాపూర్‌ల ఉంటడు.

మొదటిసారి కట్ట మీద కలిసిండు. కొత్త బూట్లు, చేతుల టాబు.

"మీరు ఇక్కడివారేనాండీ?"

"పుట్టిందీడనే సార్. ఈ కట్ట మీద పద్దెనిమిదేండ్లు గ్యాంగుల చేసిన."

"అయితే ఈ ట్రాక్ గురించి మీకు చాలా తెలిసుండాలి."

"పట్టాకు చెవి ఆనిస్తే బండి ఏ స్టేషన్ల ఉన్నదో చెప్త," అన్న. అందుల సగం అబద్ధం. ఎవడన్న 'మీరు' అని అడిగితే నాకు సగం అబద్ధం వస్తది.

ఆయన టాబుల రాసుకొని, "మీలాంటివారే మాకు కావాలండీ. వచ్చే గురువారం వర్క్‌షాప్ ఉంది. ప్రమాదాలను ముందే గుర్తించి వాటికి మార్కులు వేస్తాం. మీరు స్థానిక నిపుణులుగా తప్పకుండా రావాలి" అన్నడు.

నిపుణుడు. పద్దెనిమిదేండ్లల మా మేస్త్రి నన్ను చాలా పేర్లు పెట్టి పిలిచిండు. అందుల ఇది లేకుండె.

ఇంట్ల చెప్తే నా భార్య ప్రేమావతి ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి నన్ను కింద నుంచి మీది దాకా చూసింది.

"నువ్వు ఏడ నిపుణునివయ్యా? గ్యాస్ స్టవ్ అంటించరాదు."

"నోరు మూసుకొని ఆ తెల్లంగి ఇస్త్రీ చెయ్. కల్వర్టు సంగతి నేరుగా పెద్దోళ్ళ ముంగట చెప్పే మోకా ఇది."

"చెప్పేది చెప్పు, ఎక్కువ చెప్పకు. నీకు చప్పట్లు ఇనబడితే నోరు ఆగది. చర్చిల సాక్ష్యం చెప్పమంటే నలభై నిమిషాలు చెప్పినవ్, పాస్టర్ గారే నిద్రపోయిండు."

గురువారం నిసార్ తన క్యాబ్‌ల దించిండు. ఎయిర్‌పోర్టు దగ్గరి పెద్ద హోటలు. పది గంటలకు మీటింగ్ అంటే పదకొండున్నరకు మొదలైంది. పెద్దోళ్ళందరు ఆరాంఘర్ చౌరస్తల ఇరుక్కుండ్రట. వచ్చి కూసున్నంక మొదటి ముచ్చట సేఫ్టీ. హాలుకు మంట అంటుకుంటే ఏ తలుపు నుంచి పోవాలె, లిఫ్ట్ ఎందుకు ఎక్కొద్దు, బయట ఏ చెట్టు కింద జమ కావాలె. చాయ్ వేడిగ ఉంటది జాగ్రత్త అని కూడ చెప్పిండ్రు. పద్దెనిమిదేండ్లు పట్టాల మీద పనిచేసిన, రైలు వస్తదని ఒక్కడు ముందుగల చెప్పలే. ఇక్కడ చాయ్ వస్తదని చెప్తున్నరు. నాకు కడుపు నిండింది.

హాలుల ఇరవై మంది. లైను కంపెనీ పెద్ద ఇంజనీరు మధ్యల కూసున్నడు. ఓ మూల, స్థానిక నివాసుల ప్రతినిధి అని చీటీ పెట్టిన కుర్చీల వీరేందర్ కూసున్నడు. నన్ను చూసి నవ్విండు. "దాసన్నా, నువ్వు గూడ వచ్చినవా? బిర్యానీ ఒంటిగంటకు పెడతరు, జర ఓపిక పట్టు."

మధు గారు తెర మీద ఒక బొమ్మ వేసిండు. అష్టాచెమ్మ పటం లెక్క ఐదు గడులు అడ్డం, ఐదు గడులు నిలువు. కొన్ని పచ్చ, కొన్ని పసుపు, కొన్ని ఎరుపు.

"ప్రతి ప్రమాదానికీ రెండు మార్కులండీ. జరిగే అవకాశం ఎంత, ఒకటి నుంచి ఐదు. జరిగితే నష్టం ఎంత, ఒకటి నుంచి ఐదు. రెండూ గుణిస్తాం. ఆరు దాకా వస్తే పచ్చ గడి, దాన్ని ఒప్పేసుకుంటాం. పదిహేను దాకా పసుపు, గమనిస్తూ ఉంటాం. పదిహేను దాటితే ఎరుపు. ఎర్ర గడిలో ఒక్కటి ఉన్నా, దాన్ని మూసేదాకా ప్రాజెక్టు ఫైలు కదలదు."

ఈ ఒక్క మాట నేను గట్టిగ పట్టుకున్న. పచ్చ అంటే ఏం చెయ్యరు. పసుపు అంటే ఏం చెయ్యరు గని చేస్తున్నట్టు రాసుకుంటరు. నా నాలుగు దరఖాస్తులు ఇన్నేండ్లు పసుపు గడిలనే ఉన్నయన్నట్టు. కల్వర్టు పడాలంటే నా నీళ్ళు ఎర్ర గడిల పడాలె. అంతే.

మొదలు నెమలి ముచ్చట వచ్చింది. నెమలి ఎగిరొచ్చి కరెంటు తీగ మీద కూసుంటే? ఒకాయన నాలుగు అన్నడు. ఒకామె రెండు అన్నది. ఆడ నెమలి అయితే ఎంత, మగ నెమలి అయితే ఎంత అని ముప్పావు గంట నడిచింది. ఆఖరుకు మూడు రెండ్ల ఆరు. పచ్చ గడి. నెమలి బతికిపోయింది.

అప్పుడు మధు గారు నా దిక్కు తిరిగి, "జ్ఞానదాసు గారూ, మీ అనుభవంలో ఇక్కడి అసలు ప్రమాదం ఏమిటండీ?" అన్నడు.

లేచి నిలబడ్డ. మైకు ఇచ్చిండ్రు. "సార్, వాన నీళ్ళు. కట్ట పక్కన నాలుగు రోజులు నిలబడతయి. మట్టి నానుతది, కింద జారుతది, మీద పట్టా గాలిల ఉంటది. పాత లైనుకు మేం గ్యాంగోళ్ళం రాత్రీపగలూ కంకర పోసి కాపాడినం. మీ కొత్త లైనుకు గ్యాంగు లేదంటున్నరు, అంతా మిషన్ అంటున్నరు. మిషన్‌కు మట్టి వాసన తెలుస్తదా?"

ఇదంతా నిజమే, ఒక్క ముక్క అబద్ధం లేదు.

"కారణం?" అన్నడు మధు గారు.

"ఎగువన కుంట పూడ్చి వెంచర్ వేసిండ్రు సార్. ఆ పూడ్చినాయన ఈడనే కూసున్నడు, అడుగుండ్రి."

వీరేందర్ సెల్‌ఫోన్ చూసుకుంటున్నడు.

మధు గారు దగ్గిండు. "అది మన ప్రాజెక్టు హద్దుకు బయట ఉందండీ. హద్దు బయటి కారణాలు ఇందులో రాయకూడదు."

"నీళ్ళకు హద్దు తెలుస్తదా సార్?"

"తెలియదండీ. అందుకే అవి హద్దు లోపలికి వచ్చాక రాస్తాం."

ఇగ మార్కులు మొదలైనయి. బాలాపూర్ వినాయకుని లడ్డు వేలం చూసినోళ్ళకు తెలుస్తది ఆ సంబరం. కాకపోతే అక్కడ అందరూ పెంచుతరు, ఇక్కడ నేనొక్కణ్ణి పెంచుతున్న, మిగిలినోళ్ళు దించుతున్నరు.

"జరిగే అవకాశం రెండు," అన్నడు పెద్ద ఇంజనీరు.

"నాలుగు సార్! నిరుడు రెండుసార్లు వచ్చినయి."

"ఒకటి వెయ్యుండ్రి," అన్నడు వీరేందర్, తల ఎత్తకుండ. "నేను చూడలే ఎన్నడు."

"నువ్వెట్ల చూస్తవన్నా, నువ్వు బంజారాహిల్స్‌ల ఉంటివి! ఐదు సార్, ఐదు రాయుండ్రి. ప్రతి ఏడు వచ్చేదానికి అవకాశం ఏంది, అది చుట్టం లెక్క వచ్చుడే."

హాలుల నవ్విండ్రు. మధు గారు ఐదు రాసిండు. ఇగ నష్టం సంగతి.

"నీళ్ళు ఎంతవరకు నిలుస్తాయో మ్యాప్ మీద చూపించగలరా?" అన్నడు ఆయన. గోడకు పెద్ద మ్యాప్ అతికిచ్చి ఉన్నది. నా చేతికి నీలిరంగు స్కెచ్ పెన్ను ఇచ్చిండు. మ్యాప్‌ల నా జాగ అగ్గిపెట్టె అంత ఉన్నది. పట్టాల కట్ట, మధ్యల కరెంటు స్తంభం, అవతల నేను వేయించిన బోరు, ఆఖరుకు రోడ్డు. అన్నీ చుక్కలు పెట్టి ఉన్నయి. నీళ్ళు వచ్చేది కరెంటు స్తంభం దాకా. అంతకు మించి ఎన్నడు రాలే. నేను గూడ అక్కడికే గీసిన.

పెద్ద ఇంజనీరు అద్దాలు సర్దుకొని చూసిండు. "ఇంతేనా? దీనికి నష్టం రెండు. మహా అయితే మూడు. ఐదు మూళ్ళ పదిహేను, పసుపు."

పసుపు!

వీరేందర్ కుర్చీల వెనకకు వాలి, "దాసన్నా, బర్రెలకు కుడితి పోసే తొట్టి గూడ ఇంతకంటె పెద్దగ ఉంటది గద" అన్నడు. ఇరవై మంది పగలబడి నవ్విండ్రు. ఇంతకుముందు నా మాటకు నవ్విన నవ్వు వేరు, ఇది వేరు.

పెన్ను తీసుకున్న. స్తంభం దాటించిన. "ఇదేం చూసినవన్నా, ఇటు చూడు!" బోరు దాటించిన. "మొన్నటి వానకు ఇక్కడిదాకా!" వీరేందర్ "ఇంకా?" అన్నడు. ఆ 'ఇంకా' కోసం ఒక్క ఊపు మీద పెన్నును రోడ్డు దిక్కు తిప్పి, పెద్ద పొట్ట లెక్క ఒక వంపు తీసి, మళ్ళ కట్ట కాడికి తెచ్చి కలిపిన. "మనిషి లోతు సార్! బర్రె కొట్టుకపోయింది!" మా ఇంట్ల ఎన్నడు బర్రె లేకుండె.

పెద్ద ఇంజనీరు మొఖం మారింది. మధు గారు మెల్లగ, "అంటే కట్ట మొత్తం కోసుకుపోయే అవకాశం ఉందన్నమాట. నష్టం ఐదు. ఐదు ఐదుల ఇరవై ఐదు" అన్నడు. తెర మీద మూల గడి ఎర్రగ వెలిగింది. మీటింగ్ మొత్తంల ఇరవై ఐదు వచ్చింది నా ఒక్కదానికే. మ్యాప్ కింద సంతకం చేసి తేదీ వెయ్యమన్నరు. చేసిన. ఏడో తరగతి లెక్కల పరీక్షల నాకు ఇరవై ఐదుకు నాలుగు వేసి, బయట నిలబెట్టిన సారు యాదికొచ్చిండు. ఆయన ఉంటే చూపెడుదునని అనిపించింది.

బిర్యానీ రెండుసార్లు వడ్డిచ్చుకున్న. వీరేందర్ పక్కకొచ్చి నా ప్లేటుల బొక్క ముక్క వేసి, "మంచిగ గీసినవ్ దాసన్నా" అన్నడు. ఓడిపోయి కడుపుమంట అనుకున్న.

తర్వాత అందరూ జాగ చూడనీకె బస్సుల వచ్చిండ్రు. బస్సు దిగలే. దిగాలంటే సేఫ్టీ బూట్లు ఉండాలెనట, వచ్చిన బూట్లన్నీ ఒకటే సైజువట. బస్సు కిటికీల నుంచే నా జాగను చూసి, ఫొటో తీసుకొని పోయిండ్రు. ఆ రోజు జాగ ఎండిపోయి నెర్రెలు బారి ఉన్నది. ఒక్కడన్న దిగి నడిచి, బర్రె ఏడ కొట్టుకపోయింది, మనిషి లోతు నీళ్ళొస్తే గోడ మీద మరక ఏడున్నది అని అడిగితే నా అబద్ధం బయటపడేది, నా భూమి నాకు మిగిలేది. అడగలే.

నెలకు సేఫ్టీ వారోత్సవం వచ్చింది. షామియానా, బంతిపూలు, రెండు వందల మంది కూలీలు నెత్తిన పచ్చ టోపీలు. ప్రాణాంతక ప్రమాదాన్ని గుర్తించిన స్థానిక నిపుణుడు అని నన్ను స్టేజి మీదికి పిలిచిండ్రు. శాలువా కప్పిండ్రు. అద్దం బిగించిన సర్టిఫికెట్ ఇచ్చిండ్రు. ప్రేమావతి ముందు వరుసల కూసొని కొంగుతోని కండ్లు తుడుచుకున్నది. ఇరవై ఏడేండ్ల కాపురంల నా గురించి ఆమె మంచికి ఏడ్చుడు అదే మొదటిసారి. నిసార్ అయితే షెడ్డుకు రేకుల ధర గూడ అడిగొచ్చిండు.

ఇంకో పదిహేను దినాలకు మధు గారు మా ఇంటికొచ్చిండు. మిఠాయి డబ్బా తెచ్చిండు.

"జ్ఞానదాసు గారూ, శుభవార్త. మీ రిస్క్ మూసేశామండీ. ఎర్ర గడి పచ్చగా మారింది. ఫైలు కదిలింది."

"దేవునికి స్తోత్రం! కల్వర్టు ఎన్ని మీటర్లు పడుతున్నది సార్?"

"కల్వర్టు కాదండీ." మిఠాయి డబ్బాకు కట్టిన దారం విప్పుకుంట చెప్పిండు. "కల్వర్టు పెంచాలంటే డిజైన్ మారాలి. డిజైన్ మారితే మళ్ళీ ప్రమాదాలు గుర్తించాలి, మళ్ళీ వర్క్‌షాప్. ఎనిమిది నెలలు. కంపెనీకి గడువు మూడు నెలలే ఉంది. అందుకని నీళ్ళను పంపేయడం కాకుండా, నీళ్ళు నిలవడానికే ఒక చోటు ఇద్దామని నిర్ణయించాం. కట్టకు రాళ్ళ గోడ, పక్కన గుంట. నీళ్ళు వచ్చి గుంటలో ఉంటాయి, కట్టకి ఏమీ కాదు."

"ఏ చోటు సార్?"

"మీరు గీసిన చోటేనండీ."

ప్రేమావతి చాయ్ తెస్తున్నదల్లా గడప మీదనే నిలబడ్డది.

"అది నా జాగ గద సార్," అన్న.

"అవునండీ. భూసేకరణ నోటీసు వస్తుంది. మీరు గుర్తించకపోతే ఎంత ప్రమాదం జరిగేదో! మా రిపోర్టులో మీ పేరు మూడుసార్లు వచ్చింది."

ఆయన పోయినంక ప్రేమావతి అద్దాల సర్టిఫికెట్‌ను మేకు నుంచి తీసి గోడ దిక్కు తిప్పి పెట్టింది. గంటకు నన్ను అడిగింది.

"స్తంభం కాడ ఆగితే నీ సొమ్మేం పోయేదయ్యా?"

ఆ తర్వాత నేను తిరగని గడప లేదు. నిసార్ క్యాబ్ గిరాకీ ఇడిచిపెట్టి నన్ను 'నిశ్చింత' ఆఫీసుకు తీస్కపోయిండు. మధు గారు మళ్ళ కుర్చీ వేసిండు, మళ్ళ చక్కెర ఎంత అని అడిగిండు.

"సార్, నీళ్ళు స్తంభం దాకనే వస్తయి. ఆ మిగిలింది నేను కోపంల గీసిన."

"కోపంలో గీసినట్టు మ్యాప్ మీద ఎక్కడా లేదండీ. మీ సంతకం ఉంది."

"నోటితోని చెప్పింది నోటితోనే తప్పు అంటున్న గద సార్. తగ్గించుండ్రి."

ఆయన నిజంగనే బాధపడ్డడు. "చూడండి జ్ఞానదాసు గారూ. మా పద్ధతిలో రిస్క్ పెంచడానికి అనుభవం ఉన్నవారి నోటిమాట చాలు. తగ్గించడానికి మాత్రం ఆధారం కావాలి. మూడు వానాకాలాలు నీటిమట్టం కొలిచి, అర్హత ఉన్న ఇంజనీరు సంతకంతో ఇవ్వాలి."

నిసార్ లేచిండు. "మూడు వానాకాలాలంటే మూడేండ్లు సాబ్! అప్పటికి మీ రైలు నడుస్తుంటది!"

"అవునండీ," అన్నడు మధు గారు.

"గట్లయితే ఈయన నిపుణుడని మీరే రాసిండ్రు గద? ఇప్పుడు అదే నిపుణుడు నీళ్ళు అంత దూరం రావు అంటున్నడు. అప్పుడు నమ్మినోళ్ళు ఇప్పుడెందుకు నమ్మరు?"

"అప్పుడు ఆయనకు ఇందులో లాభం లేదని అనుకున్నామండీ. ఇప్పుడు ఆయన భూ యజమాని. సొంత ప్రయోజనం ఉన్నవారి అభిప్రాయం తీసుకోకూడదని మాకు నియమం."

నిసార్ నా దిక్కు చూసిండు. నేను చాయ్ కప్పు దిక్కు చూసిన.

భూమి రేటు సంగతి ఇంకోటి. రోడ్డు పక్క జాగకు ఒక రేటు, నీళ్ళు నిలిచే జాగకు ఇంకో రేటు అన్నరు. నీళ్ళు నిలిచే జాగ అని ఎవరు తేల్చిండ్రు అంటే నా సంతకమే చూపెట్టిండ్రు. ఎగువన కుంట పూడ్చిన వీరేందర్ ప్లాట్లకు మాత్రం రేటు పెరిగింది. ప్రాజెక్టు వాన నీళ్ళకు శాశ్వత ఏర్పాటు చేసిందని బ్రోచర్ల వేసుకున్నడు. బిర్యానీ కాడ నా ప్లేటుల ముక్క ఎందుకు వేసిండో అప్పుడు తెలిసింది. గీత పెరిగినకొద్దీ ఆయన నీళ్ళకు ఖర్చు లేకుంట ఇల్లు దొరుకుతున్నది.

కొలతల రోజు మొగులయ్య అని సర్వేయరు వచ్చిండు. మూడు కాళ్ళ మిషన్, వెనక ఇద్దరు కూలీలు, ఒక కట్ట ఇనుప మేకులు. మా ప్రేమావతి, నిసార్, నేను రోడ్డు ఒడ్డున నిలబడ్డం. మొగులయ్య ఫైల్‌ల నుంచి మ్యాప్ తీసిండు. స్తంభం దాటిండు. మేకు. బోరు దాటిండు. మేకు. ఆ తర్వాత మిషన్‌ల చూసి, మ్యాప్ చూసి, తల గోక్కొని నన్ను పిలిచిండు.

"బాపూ, ఈడ ఈ పొట్ట లెక్క ఏందిది? భూమి చూస్తే సాపుగనే ఉన్నది. నీళ్ళు గింత వంపు ఎట్ల తిరుగుతయి?"

"అక్కడ వీరేందర్ 'ఇంకా' అన్నడు," అన్న.

మొగులయ్యకు సమజ్ కాలే. "వంపు తీసేసి తిన్నగ వెయ్యరాదా భయ్యా? గరీబోని జాగ" అని నిసార్ బతిమిలాడిండు.

"నా చేతుల లేదన్నా. గీత ఎట్లుంటే మేకు అట్ల పడాలె. ఒక్క జానెడు అటిటు అయినా నా మీద రాస్తరు."

వంపు పొంటి మేకులు పడ్డయి. పెన్ను నా చేతిల వణికిన కాడ మూడు మేకులు వంకర టింకరగ పడ్డయి. ఆ వంపు కొస రోడ్డుకు పది అడుగుల దాకా వచ్చింది. మిగిలిన జాగ రోడ్డు పొంటి బొంత చీలిక లెక్క సన్నగ ఉన్నది. నిసార్ అడుగులు వేసుకుంట ఆ కొస నుంచి ఈ కొస దాకా నడిచిండు. "కారు మలపనీకె రాదు దాసన్నా. ఆటోలైతే వరుసగ నిలబడతయేమో" అని, నా మొఖం చూసి ఆ మాట గూడ ఆపుకున్నడు.

ప్రేమావతి మేకుల పక్క నుంచే నడుచుకుంట పోయి కరెంటు స్తంభం కాడ నిలబడ్డది. స్తంభానికి ఈ పక్క కొలిపించింది, ఆ పక్క కొలిపించింది. మొగులయ్య మర్యాదకే కొలిచి చెప్పిండు. స్తంభం కాడ గీత ఆగి ఉంటే పోయేది మూడున్నర గుంటలట. ఆమె నన్ను తిట్టలే. ఈ రెండు లెక్కల నడుమ ఎంత తేడా ఉన్నదో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంట నిలబడ్డది.

పొద్దు వాలే యాళ్ళకు మొగులయ్య కాగితం రాసి, సంతకం చెయ్యమని బండి బానెట్ మీద పెట్టిండు. నేను పెన్ను పట్టుకొని, జర ఒకసారి గట్టిగ చదువమన్న. ఆయన వేలు పెట్టి చదివిండు: మొత్తం పదకొండు గుంటలు, యజమానికి మిగిలేది మూడు గుంటల ఎనభై మూడు గజాలు, నీటి గుంటకు పోయేది ఏడు గుంటల ముప్పై ఎనిమిది గజాలు.